ఒక్క మెతుకు చాలదు

మంచు విషయంలో మన తెలుగుభాష కాస్త పొదుపరి. ధనుర్మాసంలో ముగ్గు వేస్తూంటే జుట్టు తడిపేదీ మంచే. ఎదురింటి గుమ్మం కనబడకుండా కమ్మేసేదీ మంచే. తెల్లవారి గడ్డిపరక కొసన మెరిసే బొట్టూ మంచే. సోడాకొట్టువాడు రంపంపొట్టులో దాచే గడ్డ కూడా, ఐసు అని పేరు మార్చుకోకముందు, మంచే. హిమాలయాల మీద కురిసేదానికి మాత్రం వేరే పేరెందుకు? అదీ మంచే! దానితో మనకి పనిపడలేదు, అంచేత మాటా పుట్టలేదు.

చిక్కల్లా పేపర్లో "హిమపాతం" అన్న మాట కనబడినప్పుడే వస్తుంది. అది మంచు కురవడమో, కొండ మీంచి మంచు విరుచుకుపడడమో వార్త నాలుగు లైన్లు చదివితే గాని తేలదు. మొదటిదైతే పక్కన ఫోటోలో కొత్త జంటలు నవ్వుతూ ఉంటారు. రెండోదైతే సైనికులు పారలు పట్టుకుని తవ్వుతూ ఉంటారు. మాట ఒక్కటే! ఈ నవ్వులకీ ఆ పారలకీ మధ్య దూరమెంతో తెలుసుకోవలసిన అవసరం గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన నాబోటిదానికి ఎందుకొస్తుంది చెప్పండి? మా అమ్మాయి పుణ్యమా అని వచ్చింది.

మా అమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగం. సెలవు దొరికితే అందరి పిల్లల్లాగా ఇంటికొచ్చి ఆవకాయన్నం తిని నిద్రపోతుందనుకుంటాం కదా. ఇది కాశ్మీరు వెళ్ళి, గుల్‌మార్గ్‌లో కాళ్ళకి రెండు పొడుగాటి బద్దలు కట్టుకుని మంచుమీద జారడం నేర్చుకుంది. అక్కడ తీగమీద వేళ్ళాడుతూ వెళ్ళే గొండోలా పెట్టెలెక్కి పైకి వెళ్ళి, గస్తీవాళ్ళు కనిపెట్టి చూసే దారిలో కిందికి జారితే ఫరవాలేదు. ఇప్పుడు రెండేళ్ళుగా ఆ హద్దు దాటి, ఎవరూ తొక్కని వాలుల్లోకి ఐదారుగురు కలిసి వెళుతున్నారు. దానికి ముందు వారంరోజులు శిక్షణ కూడా పుచ్చుకున్నారు. ఆ పాఠాలన్నీ అది ఫోన్లో ఒప్పజెబుతుంటే నేను వంటింట్లో నిలబడి విన్నాను. అంచేత నేను చెప్పబోయే మంచుశాస్త్రానికి కాస్త పోపు వాసన తగిలితే ఏమీ అనుకోకండి.

మొట్టమొదటి సంగతి, కొండమీద మంచు ఒక్క ముద్ద కాదు. మా ఆత్రేయపురం పూతరేకులా పొరలు పొరలు. నవంబరులో కురిసింది అడుగున, డిసెంబరుది దానిమీద, సంక్రాంతినాటిది ఆపైన. మధ్యలో ఎండ కాస్తే ఒక పెళుసు పొర, గాలి వీస్తే ఒక గట్టి పొర. శీతాకాలమంతా ఏ రోజు ఏం జరిగిందో కొండ తన కడుపులో దాచుకుంటుంది. పెళ్ళిలో జరిగిన చిన్న లోటుని ముప్ఫై ఏళ్ళ తరవాత కూడా తేదీతో సహా చెప్పగలిగే అత్తగార్లని మనం ఎరుగుదుం కదా, అలాంటి జ్ఞాపకశక్తి అన్నమాట. ఆ పొరల్లో ఏది దేనితో కలిసి ఉంది, ఏది కలవలేదు అన్నదే అసలు ప్రశ్న.

ఎక్కువ మంచు పడిన ఏడు భయం, తక్కువ పడిన ఏడు నిశ్చింత అనుకుంటాం. ఎప్పుడూ అలా కాదుట. శీతాకాలం మొదట్లో పలచగా అడుగో అడుగున్నరో పడి, ఆ తరవాత వారాల తరబడి ఆకాశం నిర్మలంగా ఉండి చలి కొరికేస్తే, అక్కడే పుడుతుంది గండం. ఎంచేతంటే మంచు కింద నేల ఇంచుమించు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైన గాలి మైనస్ పదిహేనో ఇరవయ్యో. పలచటి దుప్పటిలో ఇంత తేడా ఉంటే అడుగునుంచి ఆవిరి పైకి పాకుతుంది. పాకుతూ దారిలో మళ్ళీ గడ్డకడుతూ రేణువుల రూపమే మార్చేస్తుంది. ఒకదాన్నొకటి అంటుకునే మెత్తటి మంచు పోయి, విడివిడిగా జారే పలుకులు మిగులుతాయి. అచ్చం పంచదార. గుప్పిట్లో పిసికితే ఉండ కట్టదు, వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంది. ఇంగ్లీషువాళ్ళు కూడా దాన్ని పంచదార మంచు అనే అంటారుట. ఇప్పుడు ఆ పంచదారమీద మాఘమాసంలో మూడడుగుల కొత్త మంచు పడిందనుకోండి. వాలుగా పెట్టిన పీటమీద పంచదార చల్లి, దానిమీద రాతిపలక ఆనించినట్టే. అది కూర్చునే ఉంటుంది, ఎవరో వేలు పెట్టేదాకా.

మరో రకం పొర ఇంతకన్నా గడుసుది. మబ్బు లేని చలిరాత్రి మంచు పైభాగాన ఈకల్లాంటి నూగు పూస్తుంది. పొద్దున్నే ఎండపడితే కొండంతా రవ్వలు పొదిగినట్టు మెరుస్తుంది. మా అమ్మాయి దాని ఫోటో పంపితే మా వారు ఎంత మురిసిపోయారని! పైనున్నంతసేపూ అది ఒట్టి అలంకారమే. దానిమీద కొత్త మంచు పడి కప్పేసిందా, లోపల అలాగే నిలబడి, వారాల తరబడి పై పొరకీ కింది పొరకీ పొత్తు కుదరనివ్వదు. అందంగా ఉన్న వాళ్ళ గురించి మా నాయనమ్మ అనే మాటలు ఇక్కడ రాయను గాని, ఆవిడకి ఈ సంగతి తెలిస్తే సంతోషించేది.

ఇక గాలి. రెండడుగుల మంచు కురవాలంటే ఆకాశానికి ఒక పగలూ రాత్రీ పట్టవచ్చు. గాలికి అంత వ్యవధి అక్కర్లేదు. శిఖరానికి ఒక పక్కనున్న మంచునంతా ఊడ్చి రెండో పక్కన పోగుపెట్టడానికి దానికి కొన్ని గంటలు చాలు. ఆకాశం నీలంగా ఉన్న రోజున కూడా! కాబట్టి "మంచు పడలేదు కదా" అనుకుంటే చాలదు. గాలి ఎటునుంచి ఎటు వీచింది, ఏ వాలుమీద బరువు పెట్టింది అన్నది చూడాలి.

వాలు అంటే ఎంత వాలు? ఇది నాకు చప్పున అర్థమైంది. ఈ పెద్ద పెద్ద పలకలు విరిగిపడేది చాలావరకూ ముప్ఫై నుంచి నలభైఐదు డిగ్రీల మధ్యనున్న వాలుల్లో. మరీ నిటారుగా ఉంటే మంచు నిలవక ఎప్పటికప్పుడు రాలిపోతుంది. మరీ చదునుగా ఉంటే కదలదు. ముప్ఫై డిగ్రీలంటే ఎంతో కాదు, మన మేడమెట్ల ఏటవాలు ఇంచుమించు అంతే. అంటే మనం రోజూ బట్టలు ఆరేయడానికి ఎక్కే వాలులోనే ఆ కొండమీద మృత్యువు కాపురం ఉంటుందన్నమాట. నిజానికి స్కీలమీద జారడానికి సరదాగా ఉండే వాలు కూడా అదేనట! సరదాకీ చావుకీ ఒకే ఇంటి చిరునామా. తాము నిలుచున్నచోటు చదునైతే చాలదు, తలమీద ఏ వాలు ఉందో కూడా చూసుకోవాలి. పైన తెగింది కిందిదాకా వస్తుంది మరి.

ఇవన్నీ లెక్కవేసుకున్నాక గొయ్యి తవ్వుతారు. ప్రమాదం లేని చోటు చూసి, తాము దిగబోయే వాలుకి పోలికగా ఉన్న దిక్కున, మంచులో నిలువుగా గోడ కనబడేట్టు తవ్వుతారు. ఒక్కొక్క పొరనీ చేత్తో నొక్కి చూస్తారు. పిడికిలి దిగితే మెత్తన, నాలుగు వేళ్ళు దిగితే కాస్త గట్టి, ఒక్క వేలు, ఆ తరవాత పెన్సిలు, ఆఖరికి చాకు. మైసూర్‌పాక్ పాకం చూసినంత శ్రద్ధగా చూస్తారు. ఆ తరవాత ముప్ఫై సెంటీమీటర్ల చదరంలో ఒక స్తంభం చెక్కి, దాని నెత్తిన పార ఆనించి తట్టుతారు. మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. ఎన్నో దెబ్బకి ఏ పొర దగ్గర తెగిందో, తెగినప్పుడు నలిగిందో, సొరుగు లాగినట్టు నున్నగా జారివచ్చిందో చూసుకుంటారు. నున్నగా జారిందంటే మంచి శకునం కాదు.

"బావుందే, ఇంత పరీక్ష చేశాక ఇంకా భయమెందుకు? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టిచూస్తే చాలదూ?" అన్నాను నేను.

"అదేనమ్మా చిక్కు. నీ గిన్నెలో అన్నమంతా ఒక్క మంటమీద ఉడుకుతుంది. కొండ అలా కాదు. ఇక్కడ తవ్విన గొయ్యి ఈ గొయ్యి సంగతే చెబుతుంది. ఇరవై గజాల అవతల, ఒక బండరాయి పక్కన మంచు పలచబడ్డచోట, వేరే కథ ఉంటుంది," అంది.

నిజానికి గొయ్యి తవ్వేది "వెళ్ళవచ్చు" అనిపించుకోవడానికి కాదట. "వద్దు" అనడానికి ఇంకో కారణం దొరుకుతుందేమోనని. పరీక్ష బాగుందని ఎవరూ ధైర్యం తెచ్చుకోకూడదు. బాగాలేకపోతే మాత్రం మారుమాట్లాడకుండా ఒప్పుకోవాలి. నాకీ పద్ధతి ఎంతో నచ్చింది.

కొండ కూడా నోరు లేనిదేం కాదు. ఎదురుగా మరో వాలుమీద నిన్నో మొన్నో తాజాగా విరిగిపడిన గుర్తు కనబడితే, అదొక హెచ్చరిక. నడుస్తూంటే కాళ్ళ కింద ధుమ్ముమని బరువుగా ఒక చప్పుడు వినబడితే, లోపల బలహీనమైన పొర కుంగిందన్నమాట. స్కీ ముందునుంచి మంచులో బీట పరుగెత్తితే మరీను. ఒక్కరోజులో ఎక్కువ మంచు పడినా, గాలి బలంగా వీచినా, చలి హఠాత్తుగా తగ్గి ఎండెక్కినా, వాన పడినా జాగ్రత్త పడవలసిందే. ఇవి వినడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

యంత్రాలతో, లెక్కలతో చూసేవాళ్ళూ ఉన్నారు. స్విట్జర్లాండులో దావోస్ ఊరి పైన కొండమీద 1936లోనే మంచుని పరిశోధించడానికి ఒక గుడిసె కట్టుకున్నారు. మనదేశంలో 1969లో మనాలిలో రక్షణశాఖవారు మంచుకోసమే ఒక పరిశోధనా సంస్థ పెట్టారు. 2020లో దాన్ని ఇంకో సంస్థతో కలిపి పేరు మార్చారు. హిమాలయాల్లో ఏ ప్రాంతంలో ఎంత ప్రమాదముందో శీతాకాలంలో హెచ్చరికలు ఇచ్చేది వాళ్ళే. యూరప్ దేశాలవాళ్ళు 1993లో ఈ ప్రమాదానికి ఒకటి నుంచి ఐదు దాకా మెట్లు ఏర్పరిచారు. ఐదంటే మహా ప్రమాదం. ఇక్కడే ఒక చిత్రం చెప్పింది మా అమ్మాయి. ఎక్కువమంది పోయేది ఐదో నంబరు రోజున కాదుట, రెండూ మూడూ నంబర్ల రోజుల్లో. ఐదంటే అందరూ ఇంట్లో కూర్చుంటారు. మూడంటే, "మధ్యస్థమే కదా" అనిపిస్తుంది. పరీక్షలో ఐదుకి మూడు మార్కులొస్తే పాసైనట్టేనని చిన్నప్పట్నుంచీ మనకి అలవాటు చేశారు. కొండమీద మూడంటే పాసు కాదు. ఒక్క మనిషి బరువుకే వాలు తెగవచ్చు అని అర్థం.

ఇంతకీ నా గుండె ఝల్లుమన్న మాట ఇంకొకటుంది. మనుషుల్ని పొట్టనబెట్టుకునే మంచుచరియల్లో పదింట తొమ్మిది వాటంతటవి పడినవి కావు. అందులో చిక్కుకున్న మనిషో, అతని జట్టులోవాడో కదిలిస్తే కదిలినవి. అంటే కొండ వచ్చి మనమీద పడలేదు. మనమే వెళ్ళి దాన్ని లేపాం.

మరి ఇంత చదువుకున్నవాళ్ళు ఎందుకు లేపుతారు? అమెరికాలో ఇయాన్ మెక్‌కామన్ అనే ఆయన ఏడువందలకు పైగా ప్రమాదాలను పరిశీలించి, 2004లో దీనికి జవాబు చెప్పాడు. చాలామందికి మంచు గురించి తెలియక కాదట. నిరుడు ఇదే వాలుమీద వచ్చాం కదా, ఏమీ కాలేదు కదా అని. ఇంతదూరం వచ్చి, ఇంత ఖర్చుపెట్టి, ఊరికే తిరిగిపోతామా అని. ముందు నడిచేవాడు అనుభవమున్నవాడు, ఆయనకి తెలియదా అని. నలుగురిలో పిరికివాళ్ళనిపించుకోవడమెందుకని. ఇంకోజట్టు వచ్చి ముందుగా జారేస్తుందేమోనని. వింటూంటే ఇవి ఏ కొండమీది సంగతులో అనిపించిందాండీ? పెళ్ళిసంబంధం నచ్చకపోయినా "ఇంతదాకా వచ్చాక" అంటూ తాంబూలాలు పుచ్చుకునే ఇళ్ళు మనమెరగమా?

"ఏమీ కాలేదు కదా" అన్నది అన్నిటికన్నా మోసకారి మాట. పాలు పొంగితే స్టవ్వుమీద మరక మిగులుతుంది, రెండోసారి జాగ్రత్తపడతాం. కొండ అలా వెంటనే దెబ్బ వేసి నేర్పదు. తెగబోయే వాలుమీద పదిమంది జారి, వెంట్రుకవాసిలో తప్పించుకుని, కిందికి వచ్చి కాఫీ తాగుతూ "భలే మంచుసుమా" అనుకోవచ్చు. తాము అదృష్టవంతులమా, తెలివైనవాళ్ళమా అన్నది వాళ్ళకి ఎప్పటికీ తెలియదు. తెలివే అనుకుని మళ్ళీ వస్తారు.

స్కీలు కట్టుకున్నవాళ్ళకే ఇది పరిమితం కాదు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గాంగ్‌టక్ నుంచి నాథులా వెళ్ళే రోడ్డు పక్కన మంచు విరుచుకుపడి ఏడుగురు యాత్రికులు పోయారు. అనుమతి ఉన్న మైలురాయి దాటి ముందుకెళ్ళారని అప్పుడు పోలీసులు చెప్పారు. వాళ్ళు సాహసికులు కారు, మనలాగే పిల్లల్ని వెంటబెట్టుకుని మంచు చూద్దామని వెళ్ళే సంసారులు. 2020లో అటల్ సొరంగం తెరిచాక మనాలి వెళ్ళిన మనవాళ్ళెందరో ఆ తొమ్మిది కిలోమీటర్లు దాటి లాహౌల్ లోయలోకి కూడా వెళ్ళి ఫోటోలు దిగి వస్తున్నారు. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. కాని "ఇక్కడితో ఆగండి" అని బోర్డు పెట్టినవాడు మన సరదా చెడగొట్టడానికి పెట్టలేదని గుర్తుంచుకుని వెళ్ళండి.

కిందటి జనవరిలో మా అమ్మాయి జట్టు గుల్‌మార్గ్ నుంచి ఫోన్ చేసింది. మూడురోజులు మంచు కురిసి వెలిసింది. నాలుగోరోజు పొద్దున్న నీలాకాశం, బంగారంలాంటి ఎండ. గొయ్యి తవ్వారు. పన్నెండో దెబ్బకి స్తంభం సొరుగులా జారిపోయింది. రాత్రంతా వీచిన గాలి తాము దిగవలసిన పక్కకే మంచు చేరవేసింది. అయినా ఒకరిద్దరు "అంచునుంచి వెళదామా" అన్నారట. జట్టులో అందరికన్నా చిన్నపిల్ల, కొత్తగా చేరింది, "నాకు బాగాలేదు" అంది. ఒక్కరు వద్దంటే అందరూ వెనక్కి రావాలన్నది వాళ్ళు ముందే పెట్టుకున్న నియమం. వాదన లేదు, ఓట్లు లేవు. వచ్చిన దారినే తిరిగి వచ్చేశారు. సెలవు అయిపోయింది, బెంగుళూరు చేరుకున్నారు.

తరవాత మా వదినగారి మనవడి అన్నప్రాసనలో ఈ ప్రస్తావన వచ్చింది. "విమానాలకీ హోటళ్ళకీ అంత పోసి, ఎండ కాస్తూంటే వెనక్కి వచ్చేశారుటే? ఇదేం చోద్యం!" అంది మా వదినగారు.

"ఎండ కాస్తోంది కాబట్టే వచ్చేశాం అత్తయ్యా," అంది మా అమ్మాయి.

"ఇంతకీ ఆ కొండ కూలిందా?" అన్నారు వాళ్ళ మావయ్యగారు.

"తెలీదు మావయ్యా."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ "తెలీదు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. వెనక్కి వచ్చినవాళ్ళకి చెప్పుకోవడానికి కథ ఉండదు. కొండెక్కినవాళ్ళకి ఫోటో ఉంటుంది, ప్రమాదంలో చిక్కుకుని బయటపడ్డవాళ్ళకి సన్మానం ఉంటుంది. తమ నిర్ణయం సరైందని ఏ ఋజువూ లేకుండా, ఖర్చు లెక్క మాత్రం చేతిలో పెట్టుకుని నలుగురిలో నిలబడాలి. దానికి కావలసిన ధైర్యం తక్కువదేం కాదు. ఇంట్లో వాళ్ళమే నవ్వితే, ఈసారి ఆ చిన్నపిల్ల "నాకు బాగాలేదు" అనడానికి సంకోచించదూ?

వెనక్కి రావడానికి వీల్లేనివాళ్ళు ఎలాగూ ఉన్నారు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19 వేల అడుగులపైన ఉన్న శిబిరం మీద మంచు విరుచుకుపడి పదిమంది సైనికులు కూరుకుపోయారు. లాన్స్‌నాయక్ హనుమంతప్ప ఆరురోజుల తరవాత ప్రాణాలతో దొరికి, ఢిల్లీ ఆస్పత్రిలో ఫిబ్రవరి 11న కన్నుమూశాడు. దేశమంతా ఆయన కోసం మొక్కుకుంది. ఆ పదిమందిలో మన కర్నూలు జిల్లా నుంచి వెళ్ళిన అబ్బాయి కూడా ఉన్నాడు. "ఈ రోజు వాలు బాగాలేదు, దిగిపోదాం" అనే హక్కు వాళ్ళకి లేదు. ఆ హక్కు ఉన్న మన పిల్లలు దాన్ని వాడుకున్నందుకు మనం నవ్వడమేమిటి?

మంచులో కూరుకుపోయినవాళ్ళని పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారట. ఆ పైన ఆశ గబగబా కరిగిపోతుంది. అంతలో బయటినుంచి ఎవరు రాగలరు? పక్కనున్న స్నేహితులే తీయాలి. అందుకే ప్రతివాళ్ళూ ఒంటిమీద సంకేతాలు పంపే చిన్న యంత్రం కట్టుకుంటారు, సంచిలో మడతచువ్వా పారా పెట్టుకుంటారు, అనుమానమున్న వాలుని ఒక్కొక్కరుగా దాటుతారు, మిగతావాళ్ళు కన్నార్పకుండా చూస్తూంటారు. ఇంత ఏర్పాటూ తెలిశాక నాకు భయం తగ్గిందా అంటే, తగ్గలేదు. భయానికి ఒక రూపం వచ్చింది, అంతే. రూపమున్న భయంతో మాట్లాడవచ్చు.

ఇప్పుడు ఫోన్లో "జాగ్రత్త తల్లీ" అని ఊరుకోను. ఆ మాట ప్రతి తల్లీ అంటుంది, ప్రతి బిడ్డా "ఊఁ" అంటుంది. నేను అడిగేవి వేరు. ఈ రోజు నంబరెంత? రాత్రి గాలి ఎటు వీచింది? వాలు మన మెట్లకన్నా ఎక్కువా, తక్కువా? ఒక్కొక్కరే దాటుతున్నారా? మీలో ఎవరికైనా మనసు బాగాలేదా? మా వారు పక్కనుంచి "ఇదేం తల్లివి, ఇన్స్పెక్టరులా!" అంటారు. అననివ్వండి.

అది వెనక్కి వచ్చేశానని ఫోన్ చేసిన రోజున మాత్రం ఒక్క ప్రశ్నా వెయ్యను. ఎందుకొచ్చారనీ, ఎంత నష్టమైందనీ అడగను. "అన్నం తిన్నావా?" అంటాను.